మొదటి గోళీ దేవుడిది

పనికిరాదని నేను రాసిచ్చిన తుపాకిని, పనికొస్తుందని టైపు చేయించి, కింద నా సంతకం తనే పెట్టి పోటీకి పంపాడు సేటు. ముందు ఈ మాట చెప్పాకే మిగతా సంగతులు. పోయిన మనిషిని ఏమీ అనకూడదంటారు. ఉన్నప్పుడు అడిగినదానికి జవాబివ్వని మనిషిని పోయాక కూడా అడుగుతాను. నా పద్ధతి అంతే.

మొన్నీమధ్య కాజీపేట చౌరస్తాలో సైకిలు మీద పోతూ ఆగిపోయాను. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో అతని ముఖం. సిపాయిల రంగు ప్యాంటు, నొసట కుంకుమ బొట్టు, రెండు చేతుల్లో అడ్డంగా పట్టుకున్న నల్లని మార్కరు తుపాకి. 'అశ్రునివాళి' అని పైన, 'మంచికి మారుపేరు' అని కింద. ఫ్లెక్సీ కొట్టేవాడి కంప్యూటర్లో ఆ ముక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పేరు మారిస్తే చాలు. నేను చూసింది అతని ముఖం కాదు, మార్కరు. అదే. గొట్టం కింద గాలి బలాన్ని అదుపు చేసే వెండి రంగు రెగ్యులేటరు, నేను గోటితో తట్టి "తప్పు ఇక్కడుంది సేటూ" అని చూపించిన రెగ్యులేటరు, ఫొటోలో తళతళా మెరుస్తోంది.

పక్కన చాయ్ హోటలాయన నన్నెరుగును.

"పాపం, సేటు పోయిండు కాకా. గుండెనొప్పట. ఎల్లుండి పెద్దకర్మ. నువ్వు పోతవ్ గద, మీరిద్దరు మస్తు దోస్తులాయె."

"దోస్తులమని ఎవరు జెప్పిన్రు నీకు?"

"సేటే జెప్పేటోడు."

చూశారా! అది కూడా నన్ను అడక్కుండానే చెప్పుకున్నాడు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ మార్కరు ప్రాణం తీసే తుపాకి కాదు. సీసాలో బిగించిన గాలితో రంగు గోళీని విసురుతుంది. జట్టుకు ఐదుగురు. మైదానంలో గాలి ఊదిన దిమ్మెల చాటున దాక్కుని ఒకరినొకరు కొట్టుకుంటారు. రంగు అంటినవాళ్లు బయటికి. ముఖానికి తొడుగు ఉంటుంది, మెడకు ఉండదు. గోళీ సెకనుకు మూడు వందల అడుగుల వేగం దాటకూడదని పోటీల్లో కట్టడి. దాని లోపల ఉంటే రంగు, దాటితే దెబ్బ.

ఈ డెబ్బై నాలుగేళ్లవాడికి ఆ ఆటతో పనేమిటంటే, గాలితో పని. మట్టెవాడలో నాది నలభై తొమ్మిదేళ్ల దుకాణం. గాలి కొట్టే కిరసనాయిలు పొయ్యిలు, పెట్రోమాక్సు లైట్లు, ఐనవోలు జాతరలో బెలూను బుగ్గలు కొట్టే గాలి తుపాకులు, తర్వాత పంటి డాక్టర్ల కంప్రెసర్లు. నాలుగో తరగతితో నా బడి అయిపోయింది. పాత పేపర్ల కొట్లో తూకానికి తెచ్చుకున్న యంత్రాల పుస్తకాలు ముందర పెట్టుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. చదవడం వచ్చింది. రాయడం మాత్రం తెలుగులోనే రాస్తాను. సంతకం తెలుగులోనే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

సేటుది పాత బజారులో ఇనుప సామాన్ల కుటుంబం. దుకాణాన్ని అన్నదమ్ములకు వదిలి, కాజీపేట దారిలో మూడెకరాలు కౌలుకు తీసుకుని, చుట్టూ వల కట్టించి ఈ ఆట పెట్టాడు. కాలేజీ పిల్లలతో ఒక జట్టు కట్టాడు. వాళ్ల మార్కర్లు మొరాయిస్తే నా దగ్గరికి వచ్చేవి. అట్లా నాకు అతను, అతనికి నేను.

మనిషి ఎట్లా ఉండేవాడంటే, ఏ వస్తువునైనా కళ్లకద్దుకోకుండా కింద పెట్టేవాడు కాదు. మార్కరును కళ్లకద్దుకునేవాడు, స్పానరును కళ్లకద్దుకునేవాడు, ఒకసారి నా నోటుపుస్తకాన్ని కూడా కళ్లకద్దుకున్నాడు. అప్పుడు నాకు ముచ్చటేసింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. మనం ఏదైనా గట్టి మాట చెప్పబోయే సమయానికి చూపుడు వేలు పైకి లేపేవాడు. "ఒక్క నిమిషం కాకా." ఫోన్ చెవిన పెట్టుకుని వల దాకా నడిచి వెళ్లేవాడు. తిరిగి వచ్చేసరికి మన మాట చల్లారిపోయి ఉండేది. ఆ ఫోన్ మోగడం నేను ఎన్నడూ వినలేదు. కాదనేవాడు కాదు. "సూద్దాం కాకా" అనేవాడు. ఆ 'సూద్దాం'లో ఎందరు మునిగిపోయారో నాకు తెలుసు. జేబులో వక్కపలుకుల డబ్బా. సిపాయి ప్యాంటు తొడుక్కుని మైదానమంతా తిరిగేవాడు కానీ ఒక్కనాడు ఆటలోకి దిగలేదు. ఆ ప్యాంటు మీద రంగు చుక్క పడగా చూసిన పాపాన పోలేదు నేను.

ఒక్కటి ఒప్పుకుంటాను, లేకపోతే నేనూ అతనిలాంటివాణ్నే అవుతాను. నన్ను నిలబెట్టి మాట్లాడేవాడు కాదు. పోగానే కుర్చీ వేయించేవాడు, సాసర్లో చాయ్ తనే పోసి చేతికిచ్చేవాడు. "మన కాకా గాలిని సూసే డాక్టరు" అని పిల్లలకు చెప్పేవాడు. దానికి నేను ఉబ్బిపోయాను. అదీ ఒప్పుకుంటాను.

దసరాకు వారం ముందు ఆ మార్కరు వచ్చింది. విదేశంలో పెద్ద పోటీలు ఆడేవాళ్లు వాడేదట. పెట్టె తెరిచినప్పుడు పిల్లలంతా మూగారు. తూకం చూశాను, అరచేతిలో కూర్చున్న తీరు చూశాను. ట్రిగ్గరు మీద వేలు పెడితే చాలు, నొక్కక్కర్లేదు. గోళీ నలిగిపోకుండా చూసుకునే చిన్న కన్ను లోపల ఉంది, కొట్టినప్పుడు భుజానికి అదురు లేదు. మంచి పనివాడి చేతి వస్తువు, కాదనను.

జట్టులో ముందుకు ఉరికే ఆట తొర్రూరు పిల్లది. పత్తి రైతు బిడ్డ, హన్మకొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మోచేతుల మీద పాకి, ఎదుటి జట్టుకు పది అడుగుల దాకా పోయేది. ఆమెది పాత మార్కరు. పిడికి నల్ల టేపు చుట్టి ఉండేది, మూడుసార్లు నేనే బాగుచేశాను. నన్ను తాతా అని పిలిచేది. సేటు కొత్తది ఆమె చేతిలో పెట్టబోతే రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"తాత సూసిండా?"

"నేను సూసిన గద బిడ్డా. అసలు దీని ముంగట నీది రోకలిబండ."

"నువ్వు గాదు సేటూ. తాత సూసిండా? తాత మంచిగుందంటెనే పడ్త. లేకుంటె నా రోకలిబండనే నాకు."

పిల్లలు నవ్వారు. సేటు కూడా నవ్వాడు. కానీ వక్కపలుకులు నమలడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

పోటీ పెట్టేవాళ్లు ప్రతి మార్కరుకూ పరీక్షించినవాడి పేరుతో ఒక కాగితం అడిగారట. ఆ పని నా మీద పెట్టాడు. నాలుగు రోజులు పోయాను. సబ్బు నురగ పూసి గాలి ఎక్కడైనా కారుతోందేమో చూశాను. గొట్టంలో గోళీ వేసి నోటితో ఊది చూశాను. మన ఎండకు గోళీలు ఉబ్బుతాయి, గొట్టంలో ఇరుక్కుంటే పగులుతాయి. అదీ సరిపోయింది. ఇక మిగిలింది వేగం.

రెండు స్టూళ్ల మీద వేగం కొలిచే మీటరు పెట్టాం. మొదటి గోళీ కొట్టేది మాత్రం సేటే. మార్కరును కళ్లకద్దుకుని, మీటరు వైపు కాక పక్కకు తిరిగి, ఆకాశం వైపు ఒకటి వదిలి, అప్పుడు నా చేతికిచ్చేవాడు.

"మొదటిది దేవునిది కాకా. మా నాయిన బోణీ పైసలు కండ్లకద్దుకొని దేవుని పటం ముంగట పెట్టేటోడు, గల్లల ఎయ్యకపోయేటోడు. దాన్ని లెక్కల కలుపద్దు."

ఆ తర్వాత నేను పది కొడితే పదీ ఒకే తీరు. రెండు వందల ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది, ఎనభై ఆరు. సేటు చప్పట్లు కొట్టేవాడు. మూడు రోజులూ ఇదే తంతు. ఇనుప కొట్లో బోణీకి ఉన్న మర్యాద గాలి యంత్రానికి చేస్తున్నాడని నేనూ ఊరుకున్నాను. కానీ మూడో రోజు నా చెవి పట్టేసింది. దేవుడికి పోయే గోళీ చప్పుడు వేరు. తక్కినవి టప్ టప్‌మంటుంటే అది ఠప్‌మంటోంది. నలభై తొమ్మిదేళ్లు పొయ్యిల మీద వంగి విన్న చెవి ఇది. గాలి ఎక్కడ ఎక్కువైందో చూడక్కర్లేదు, వింటే చాలు.

నాలుగో రోజు సేటు రాకముందే పోయాను. గాలి సీసా బిగించి, మార్కరును బల్ల మీద పది నిమిషాలు కదపకుండా ఉంచి, మొదటి గోళీని నేరుగా మీటరులోకి కొట్టాను. మూడు వందల ముప్పై నాలుగు. రెండోది రెండు వందల ఎనభై ఎనిమిది. మళ్లీ పది నిమిషాలు ఆగాను. మూడు వందల ముప్పై ఒకటి. ఇట్లా ఆరుసార్లు. మూడు నిమిషాలే ఆగి కొట్టినా కట్టడి దాటుతోంది. అన్నీ నోటుపుస్తకంలో రాసి, కింద 'ఆటకు పనికిరాదు' అని రాసి సంతకం పెట్టాను.

సేటు వచ్చాడు. చూపించాను.

"పొద్దుగాల సల్లటి గాలి గద కాకా. మిషిని ఏడెక్కలే."

"చలి కాదు సేటూ." రెగ్యులేటరు మీద గోటితో తట్టాను. "తప్పు ఇక్కడుంది. లోపల చిన్న సీలు కూర్చునే చోట గీత పడ్డది. ఊరికె పెడ్తె గాలి కొంచెం కొంచెం అటు దిగుతది. ఆగినకొద్దీ బలం పెరుగుతది. రెండో గోళీకి మళ్లా మామూలే. అందుకే మనకు ఇన్ని దినాలు దొరుకలే."

"మొదటిది లెక్కల లేదని చెప్పిన గద."

"ఆటలో పిల్ల దిమ్మె చాటున మూడు నిమిషాలు కదలకుండ కూసుంటది. లేచి కొట్టే మొదటిదే ఎదుటోళ్లకు తగిలేది. అది నీ దేవునికి పోదు సేటూ, మనిషి మెడకు పోతది."

డబ్బా తీసి రెండు వక్కపలుకులు నోట్లో వేసుకున్నాడు. రెండు రోజులిస్తే విప్పి సరిచేస్తానన్నాను. విప్పితే గ్యారంటీ పోతుందన్నాడు. అయితే కంపెనీకి పంపమన్నాను. అది తిరిగి వచ్చేలోపు పోటీ అయిపోతుందన్నాడు.

"అయితె పాతదానితోనే ఆడించు."

చూపుడు వేలు లేచింది. "ఒక్క నిమిషం కాకా." వల దాకా వెళ్లాడు. ఫోన్‌లో ఎవరితో మాట్లాడాడో ఆ దేవుడికే తెలియాలి. తిరిగి వచ్చి, "ఆ కాయిదం జర చింపి ఇయ్యి కాకా, కంపెనోళ్లకు పంపుత" అన్నాడు.

చింపి ఇచ్చాను. నకలు రాసుకోలేదు. నా జన్మలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అది మొదటిది. మిగతావాటిని ఇంకెప్పుడైనా చెబుతాను.

దసరా నాడు ఆ మార్కరుకు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, ఆయుధపూజ చేశాడని విన్నాను. కంపెనీకి పోయేదానికి కూడా పూజ చేస్తాడు కాబోలు అనుకున్నాను. దీపావళి అయిన రెండో వారం తొర్రూరు పిల్ల నా దుకాణం మెట్లెక్కింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మడత పెట్టిన కాగితం బల్ల మీద పరిచింది.

ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. మార్కరును నాలుగు రోజులు పరీక్షించామని, వేగం నిలకడగా ఉందని, పోటీకి తగినదని. కింద నా పేరు. నా పేరు పైన ఇంగ్లీషులో మెలికలు తిరిగిన సంతకం.

"నీ పేరు సూసి పట్టిన తాతా." గొంతు పెంచకుండా అన్నది. "పోటీల రెండో ఆటల దిమ్మె ఎనుక శానసేపు కూసున్న. లేచి కొట్టిన. ఎదురుంగ ఉన్న పిల్లకు మెడ మీద తాకింది. గొంతు ఉబ్బి ఊపిరాడలే. దవాఖానకు తీస్కపోయిన్రు."

"ఎట్లుంది ఇప్పుడు?"

"బతికింది. గంతే అడుగు. పోటీ పెట్టినోళ్లు మార్కరును ఊరికె పెట్టి మొదటిది కొల్సిన్రు. మూడు వందల ముప్పై రెండు. నేను గావాల్నని పెంచిన్నంటున్నరు. ఏడాది ఆడద్దన్నరు నన్ను. ఆ పిల్ల నాయిన అందరి ముంగట నన్ను ఏమన్నడో నీకెర్కనా?"

"ఈ సంతకం నాది కాదు బిడ్డా. నేను ఇంగ్లీషుల సంతకం పెట్టనే పెట్ట. పనికిరాదని రాసిచ్చిన."

"ఏది, సూపెట్టు."

నోటుపుస్తకం తెరిచాను. చింపిన అంచు ఉంది, కాగితం లేదు. ఆ పిల్ల ఆ అంచును వేలితో తడిమింది.

"చింపిన జాగ సూపెట్టి నమ్మమంటానవా తాతా?"

బాగుచేయమని ఇచ్చిన ఆమె పాత మార్కరు గోడకు వేలాడుతోంది. దాన్ని తీసుకుని సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. నలభై తొమ్మిదేళ్లలో నా దుకాణంలోంచి బాగుకాని వస్తువును వెనక్కి తీసుకుపోయింది ఆమె ఒక్కతే.

అదే రోజు సేటు మైదానానికి పోయాను. కుర్చీ వేయించాడు, సాసర్లో చాయ్ పోశాడు. తాగలేదు.

"నా సంతకం నువ్వు పెట్టినవా లేదా?"

"అరె, గింత పరేషానెందుకు కాకా? దెబ్బ తాకిన పిల్ల పానం మంచిగనే ఉంది. నేనే పోయి పండ్లిచ్చచ్చిన."

"నేను అడిగింది అది కాదు. తొర్రూరు పిల్లకు ఫోను చెయ్యి. కాకా వద్దన్నడు, నేనే పెట్టిన అని ఒక్క మాట చెప్పు. నాకు ఇంకేం వద్దు."

"చెప్త కాకా. ఫికర్ జెయ్యకు."

"ఇప్పుడే, నా ముంగట చెయ్యి."

వేలు లేచింది. ఒక్క నిమిషం. వల దాకా నడిచి వెళ్లాడు. ఆ రోజు నేను గంటసేపు కూర్చున్నాను. అటునుంచి అటే బండెక్కి వెళ్లిపోయాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

ఆ తర్వాత మూడు ఉత్తరాలు రాశాను. పోస్టులో, రసీదు తీసుకుని. మొదటిదాంట్లో మర్యాదగా అడిగాను. రెండోదాంట్లో మర్యాద తగ్గించాను. మూడోదాంట్లో ఒకే వాక్యం: 'నా పేరు ఎందుకు పెట్టావు?' జవాబు లేదు. పిల్ల చదువు మానేసి ఊరికి పోయిందని, పత్తి ఏరుతోందని జట్టు పిల్లలు చెప్పారు. మా దుకాణం ముందునుంచి పోతూ వాళ్లు కూడా ఇంతకుముందులా ఆగడం లేదు. ఒకడు "గాలి డాక్టరు" అని పక్కవాడితో గొణిగాడు. అన్నది నవ్వుతూ కాదు.

మంచి మనిషే, ఏదో భక్తి కొద్దీ మొదటిదాన్ని లెక్కలో కలపలేదు, తెలియక చేశాడు అని నాతో చాలామంది అన్నారు. నాక్కూడా అప్పుడప్పుడు అట్లాగే అనిపించేది. మూఢత్వాన్ని తిట్టుకోవచ్చు కానీ దాని మీద పగ పెట్టుకోలేం కదా. ఆ అనుమానమే నన్ను ఎక్కువ తిన్నది.

పెద్దకర్మకు పోలేదు. ఆ మర్నాడు సేటు బావమరిది స్కూటరు మీద దుకాణానికి వచ్చాడు. చేతిలో అంటించిన కవరు.

"బావ దవాఖానల ఉన్నప్పుడు రాసిండు కాకా. నీకే ఇయ్యమన్నడట. అక్క దేవుని పటం ఎనుక పెట్టి మర్సిపోయింది. నిన్న పటాలు తుడ్సంగ దొరికింది."

"ఏం రాసిండో నీకెర్కనా?"

"మేం ఇప్పలే కాకా. మంచి మాటలే రాసుంటడు, నువ్వంటె పానం గద ఆయనకు."

అతను పోయాక విప్పాను. లోపల నా నోటుపుస్తకం కాగితమే. చింపిన అంచు పెట్టి చూస్తే పుస్తకంలో సరిగ్గా కూర్చుంది. ఆరు మొదటి గోళీల లెక్క, 'ఆటకు పనికిరాదు', తెలుగులో నా సంతకం, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కంపెనీకి పోలేదు, ఎక్కడికీ పోలేదు. ఇన్నాళ్లూ అతని దగ్గరే ఉంది.

రేపు పొద్దున తొర్రూరు బస్సెక్కుతాను. ఈ కాగితాన్ని పత్తి చేలో ఆ పిల్ల చేతిలో పెట్టి, ముందు వైపు చదవమంటాను, తర్వాత తిప్పమంటాను. వెనుక నీలం సిరాతో, పడుకుని రాసిన వంకర అక్షరాల్లో నా మూడో ఉత్తరానికి సేటు జవాబు ఉంది:

"కాకా, నువ్వు పోయినంక మొదటిది నేను గూడ మీటర్ల కొట్టిన. రెండుసార్లు. నువ్వు రాసినంతే అచ్చింది. నా పేరు పెడ్తె ఆ పిల్ల దాన్ని ముట్టకపోవు. నీ పేరు సూస్తెనే పట్టుకుంటది. గందుకే పెట్టిన."